తెర మీద నెత్తురు

శ్రీకాళహస్తి కథను నాటకంగా ఆడినా, సినిమాగా తీసినా ఒక ఘట్టం దగ్గర అందరికీ ఒకటే చిక్కు. తర్వాత కన్నప్పగా పేరుపడ్డ తిన్నడు చూస్తుండగా శివలింగం కంట నెత్తురు కారాలి. పసర్లు పిండినా ఆగకూడదు. అతను బాణం మొనతో తన కన్ను పెకలించి అక్కడ పెట్టగానే ఠక్కున ఆగాలి. ఆ వెంటనే రెండో కంట మొదలవ్వాలి. ఉన్న ఒక్క కన్నూ తీసేస్తే చోటు కనిపించదని కాలి బొటనవేలు గుర్తుగా ఆనించి, తిన్నడు మళ్లీ బాణం ఎత్తాలి. ఈ కథను 12వ శతాబ్దంలో సేక్కిళార్ తమిళంలోనూ, 16వ శతాబ్దంలో ధూర్జటి తెలుగులోనూ పద్యాలుగా చెప్పారు. పద్యానికి మాట చాలు. ఆడి చూపించేవాడికి చాలదు. ఎర్రటి ద్రవం ఏదో ఒకటి రాతి మీద నుంచి, చెప్పినప్పుడు మొదలై చెప్పినప్పుడు ఆగేలా కారాలి. అది నెత్తురేనని చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మ కూడా నమ్మాలి.

తెలుగు తెర ఈ పరీక్షను వేర్వేరు కాలాల్లో వేర్వేరు పనిముట్లతో రాసింది. 1954లో హెచ్.ఎల్.ఎన్. సింహ తీసిన ‘కాళహస్తి మహాత్యం’ నలుపు తెలుపుల్లో వచ్చింది. కన్నడ నటుడు రాజ్‌కుమార్ అందులో కన్నప్ప. 1976లో బాపు ‘భక్త కన్నప్ప’ రంగుల్లో వచ్చింది, కృష్ణంరాజు కన్నప్ప. 2025లో మంచు విష్ణు ‘కన్నప్ప’ వచ్చేనాటికి గ్రాఫిక్స్ లేని పౌరాణికమే లేదు. నలుపు తెలుపు, రంగు, కంప్యూటర్ అనే ఈ మూడు మజిలీల్నీ ప్రపంచంలో అందరికంటే లోతుగా తవ్విన సినిమా జాతి ఒకటుంది. చచ్చిన శవాలు లేచి మనుషుల్ని పీక్కుతినే జాంబీ సినిమా. తెలుగులో ఆ జాతి సినిమా 2021లో ప్రశాంత్ వర్మ తీసిన ‘జాంబీ రెడ్డి’తో వచ్చింది. కర్నూలు ఫ్యాక్షన్ పల్లెలో శవాలు లేస్తాయి. భక్తి కథను, ఈ భయంకర కథను పక్కపక్కన పెట్టడం కొందరికి నచ్చకపోవచ్చు. కానీ నెత్తురు చూపించే పని వరకు రెండింటిదీ ఒకే విద్య. ఆ విద్య లోపల ఉన్నది భౌతిక, రసాయన శాస్త్రాలు, కొంత శరీరధర్మ శాస్త్రం.

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలో ప్రకటనల సినిమాలు తీసుకునే జార్జ్ రొమెరో అనే కుర్రాడు, స్నేహితుల దగ్గర డబ్బు పోగేసి 1968లో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ తీశాడు. మొత్తం ఖర్చు లక్షా పద్నాలుగు వేల డాలర్లు. రంగు ఫిల్ముకు డబ్బు లేక నలుపు తెలుపుల్లో తీశారు. అందులో శవాలు తినే మాంసం మీద కారేది బాస్కో అనే చాక్లెట్ పాకం. నటుల్లో ఒకరికి మాంసం దుకాణాలుండటంతో పేగులూ అవీ అక్కడి నుంచి వచ్చాయి. అంతకు ఎనిమిదేళ్ల ముందే హిచ్‌కాక్ ‘సైకో’లో స్నానాలగది హత్యకు వాడిందీ చాక్లెట్ పాకమే.

నలుపు తెలుపు ఫిల్ముకు రంగు తెలియదు. ఎంత వెలుగు తిరిగి వచ్చిందన్నదే తెలుసు. నెత్తురు తన మీద పడ్డ నీలం, ఆకుపచ్చ కాంతుల్ని దాదాపు పూర్తిగా మింగేస్తుంది, ఎరుపును కొంత వెనక్కి పంపిస్తుంది. మొత్తం మీద తిరిగి వచ్చే వెలుగు తక్కువ కాబట్టి తెర మీద ముదురు బూడిద రంగులో, నల్లగా కనిపిస్తుంది. ఎర్ర సిరా వాడితే ఫిల్ముకు అది పలుచని బూడిదగా కనిపించి తేలిపోవచ్చు. చాక్లెట్ పాకం అన్ని కాంతుల్నీ మింగుతుంది, చిక్కగా సాగుతుంది, దీపాల వెలుగులో తడిగా మెరుస్తుంది. కంటికి గోధుమరంగు, ఫిల్ముకు నెత్తురు. 1954 నాటి కన్నప్పకు కూడా ఇదే వెసులుబాటు ఉండేది: రంగు ఏదైనా ఫరవాలేదు, నల్లగా, తడిగా, నెమ్మదిగా కారితే చాలు.

రంగు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. రొమెరో రెండో జాంబీ సినిమా ‘డాన్ ఆఫ్ ది డెడ్’ 1978 నాటిది. దానికి గాయాలు, శవాలు తయారుచేసిన టామ్ సవీనీ వియత్నాం యుద్ధంలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి వచ్చినవాడు, ఛిద్రమైన శరీరాల్ని కెమెరా గాజు వెనుక నుంచి దగ్గరగా చూసినవాడు. అంత తెలిసినవాడి సినిమాలోనూ నెత్తురు పెయింటులా ఉందని చూసినవాళ్లందరూ అంటారు. త్రీఎం కంపెనీ తయారుచేసిన ఆ కృత్రిమ రక్తం తెర మీద మరీ కాంతివంతంగా పడింది. సవీనీకి అది నచ్చలేదు. బొమ్మల కథల పుస్తకంలా ఉంది, ఈ సినిమాకు అదే బాగుంటుందని రొమెరో సరిపెట్టుకున్నాడు. ఎందుకు పెయింటులా పడింది? ఇక్కడే అసలు నెత్తురు గురించి తెలుసుకోవాలి.

నెత్తురుకు ఎరుపు ఇచ్చేది హిమోగ్లోబిన్. దానిలో ఇనుప పరమాణువులు ఉంటాయి. ప్రాణవాయువును పట్టుకున్న హిమోగ్లోబిన్ 415 నానోమీటర్ల దగ్గర, అంటే ఊదా కాంతిని, విపరీతంగా మింగుతుంది. 542, 577 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ, పసుపు కాంతుల దగ్గర ఇంకో రెండు గుటకలు వేస్తుంది. 600 దాటాక మింగడం ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే ఎరుపు మాత్రమే బయటికి వస్తుంది. ఈ కొలతల వల్ల కంటికి తెలిసే తేడా ఒకటుంది. నెత్తురును తెల్లగుడ్డ మీద పలుచగా పులిమితే నారింజ కలిసిన ఎరుపు. చుక్కగా ఉంటే ముదురు ఎరుపు. గిన్నెలో పోస్తే అంచు ఎర్రగా, నడుమ దాదాపు నలుపు. మందం మారితే రంగు మారుతుంది. పెయింటు అలా మారదు, పలుచగా పూసినా దట్టంగా పూసినా ఒకే ఎరుపు. జీవితంలో ఒక్కసారైనా వేలు కోసుకున్న ప్రతి ఒక్కరి కంటికీ నెత్తురు సంగతి తెలుసు, దాని వెనుక సూత్రం తెలియకపోయినా సరే. ‘డాన్ ఆఫ్ ది డెడ్’ చూస్తూ ఇది రంగు అని మనకు అనిపించేది అందువల్లే.

మరి పారదర్శకమైన ఎర్ర ద్రవం వాడితే సరిపోతుందా? అదీ సరిపోదు. దీనికి రక్తపరీక్షల ల్యాబ్‌లో ఎవరైనా చేసి చూపించగల చిన్న ప్రయోగం ఉంది. రెండు గాజు గొట్టాలు తీసుకుని ఒకదాంట్లో మామూలు నీళ్లు, రెండోదాంట్లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు పోయాలి. రెండింట్లోనూ ఒక్కొక్క చుక్క నెత్తురు వేసి కదపాలి. ఉప్పునీళ్ల గొట్టం మసగ్గా, మబ్బుగా ఎర్రబడుతుంది. దాని వెనుక అచ్చుకాగితం పెడితే అక్షరాలు కనిపించవు. మామూలు నీళ్ల గొట్టం మొదట మసగ్గా ఉండి, చూస్తుండగానే తేటబడుతుంది. వెనుక అక్షరాలు చదవగలం. రెండింట్లోనూ హిమోగ్లోబిన్ అంతే ఉంది. ఉప్పునీళ్లలో ఎర్రకణాలు చెక్కుచెదరలేదు. మామూలు నీళ్లలో అవి నీటిని పీల్చుకుని ఉబ్బి పగిలిపోయాయి. ఒక్కో ఎర్రకణం అడ్డుకొలత మీటరులో పది లక్షల వంతులు ఏడెనిమిది. ఒక ఘన మిల్లీమీటరు నెత్తురులో అలాంటివి 50 లక్షల దాకా ఉంటాయి. వాటిని తాకిన కాంతి తిన్నగా పోలేక అన్ని వైపులకూ చెదిరిపోతుంది. నెత్తురుకు ఉన్న ఆ గుడ్డితనం, అంటే అవతలిది కనిపించకపోవడం, కణాల పుణ్యమే. కణాలు పగిలితే మిగిలేది ఎర్ర షర్బత్తు.

ఈ ముడిని విప్పినవాడు అమెరికా మేకప్ కళాకారుడు డిక్ స్మిత్. ‘గాడ్‌ఫాదర్’, ‘ఎక్సార్సిస్ట్’, ‘టాక్సీ డ్రైవర్’ సినిమాలకు పనిచేశాడు. అతని మిశ్రమానికి ఆధారం మొక్కజొన్న పాకం. అందులో తినే ఎర్రరంగు, దానితోపాటు కాస్త పసుపు రంగు, ఎందుకంటే ఒట్టి ఎరుపు పలుచబడితే గులాబీ రంగులోకి పోతుంది, నెత్తురు పలుచబడితే నారింజ వైపు పోతుంది. తర్వాత జింక్ ఆక్సైడ్ అనే తెల్లపొడి. ఎర్రగా ఉండాల్సినదాంట్లో తెల్లపొడి ఎందుకని అనిపిస్తుంది. ఆ పొడి రేణువులు పాకంలో తేలుతూ కాంతిని చెదరగొడతాయి, ఎర్రకణాలు చేసే పనిని అవి చేస్తాయి. చివరగా ఫొటో-ఫ్లో. ఫొటోలు కడిగేవాళ్లు ఫిల్ము మీద నీటి మరకలు పడకుండా వాడే కొడాక్ ద్రవం అది. ఒంటి జిడ్డు మీద పాకం ముత్యాల్లా గుండ్రంగా నిలబడిపోతుంటే, ఇది దాని తలతన్యతను తగ్గించి చర్మం మీద పరుచుకునేలా, గుడ్డలోకి ఇంకేలా చేస్తుంది. అది విషం, నోటి దగ్గర వాడే మిశ్రమంలో వేయకూడదు. కాంతిని మింగడం, చెదరగొట్టడం, తడపడం, కారడం అనే నాలుగు గుణాల్నీ నాలుగు వేర్వేరు వస్తువులతో విడివిడిగా సవరించుకునే వీలు స్మిత్ కల్పించాడు. ఈ మిశ్రమాన్ని నేను గొప్ప ప్రయోగశాల పనిగానే లెక్కిస్తాను. అతను దాన్ని దాచుకోకుండా తోటివాళ్లకు చెప్పడం ఇంకా గొప్ప సంగతి.

ఎరుపు గురించి మాట్లాడుతూ శ్రీకాళహస్తి కలంకారీని దాటిపోలేం. స్వర్ణముఖి ఒడ్డున కలంతో గీసి రంగులద్దే ఈ పనికి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరవేస్తారు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన కసిమితో గీత గీస్తారు. గీసేటప్పుడు వెలవెలబోయినట్టున్న గీత కరక్కాయలోని వగరు పదార్థంతో కలిసి కళ్లముందే నల్లబడుతుంది. ఎర్రగా కావాలనుకున్నచోట పటిక నీళ్లు రాస్తారు. తర్వాత చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్లతో ఉడికిస్తే, పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. పటికలోని అల్యూమినియం ఆ వేళ్లలోని అలిజరిన్ వంటి రంగుల్ని నూలుకు ముడివేస్తుంది. అందుకే గుడ్డ మీద గీసిన కన్నప్ప కంటి నెత్తురు ఉతికినా పోదు. ఇందులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఇనుము సంగతి. కరక్కాయ వగరుతో కలిసి నల్ల గీతయ్యేదీ ఇనుమే, మన ఒంట్లో హిమోగ్లోబిన్ మధ్య కూర్చుని ఎరుపులో పాలుపంచుకునేదీ ఇనుమే. చుట్టూ ఏ అణువులు చేరాయన్నదాన్ని బట్టి అది మింగే కాంతి మారిపోతుంది.

ఊళ్లో నాటకాలవాళ్లకు జింక్ ఆక్సైడూ ఫొటో-ఫ్లో ఎక్కడివి? వాళ్లకు తెలిసిన ఎరుపు పసుపు, సున్నం. దిష్టి తీయడానికి ఇంట్లో కలిపే ఎర్రనీళ్లే. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. మందార రేకులది ఎదురు దారి, పులుపు తగిలితే ఎర్రబడతాయి. మందార రేకులు రుద్దిన కత్తితో నిమ్మకాయ కోస్తే నెత్తురు కారినట్టు ఉంటుంది. బాణామతి పేరుతో భయపెట్టేవాళ్ల గుట్టు విప్పడానికి జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లలో ఇలాంటివి చేసి చూపిస్తుంటారు. రంగస్థలం మీద కత్తిగాటుకు ఇంకో పాత ఉపాయం ఉంది. కత్తికి ఫెర్రిక్ క్లోరైడ్, చేతికి థయోసయనేట్ ద్రావణం రాస్తారు. థయోసయనేట్ చూడటానికి నీళ్లలాగే ఉంటుంది, పలుచని ఫెర్రిక్ క్లోరైడ్ లేత పసుపుగా ఉంటుంది, దూరానికి తెలియదు. కత్తి చేతి మీద గీసిన గీత వెంబడి రెండూ కలిసి నెత్తురెరుపు పుడుతుంది. ఇక్కడ కూడా రంగు ఇనుముదే.

రంగు కుదిరాక పారడం కుదరాలి. మన నెత్తురు చిక్కదనం నీటికి మూడు నాలుగు రెట్లు. అదీ స్థిరంగా ఉండదు. నిలకడగా ఉన్నప్పుడు ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని నాణేల దొంతరల్లా నిలబడతాయి, అప్పుడు చిక్కన. వేగంగా పారుతున్నప్పుడు దొంతరలు విడిపోతాయి, అప్పుడు పలుచన. అందుకే గాయంలోంచి చురుగ్గా వచ్చిన ధార చెంప మీదికి దిగాక మందగిస్తుంది. చక్కెర పాకానికి ఈ గుణం లేదు. దాని చిక్కదనం నీళ్లు పోసి తగ్గించుకోవాల్సిందే, ఒకసారి కుదిర్చాక వేగంతో మారదు. ఇంకో తేడా: అసలు నెత్తురు కొద్ది నిమిషాల్లో గడ్డకడుతుంది, ఆరే కొద్దీ దానిలోని ఇనుము ఆక్సీకరణ చెంది గోధుమరంగులోకి దిగుతుంది. పాకం నెత్తురు సాయంత్రం దాకా తాజాగానే ఉంటుంది. పొద్దున తగిలిన గాయం సాయంత్రానికీ ఎర్రగా మెరుస్తుంటే కంటిన్యుటీ దెబ్బతిన్నట్టే. మంచి మేకప్ మనిషి అందుకే ఎరుపు, ముదురు, గోధుమ అని మూడు సీసాలు దగ్గర పెట్టుకుంటాడు.

చెప్పినప్పుడు మొదలై చెప్పినప్పుడు ఆగాలన్న తిన్నడి చిక్కుకు మందు గొట్టంలో ఉంది. సన్నని గొట్టంలో క్షణానికి ఎంత ద్రవం పారుతుందన్నది గొట్టం వ్యాసార్థం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. లోపలి వెడల్పు సగమైతే పారుదల పదహారో వంతుకు పడిపోతుంది. సెలైన్ ఎక్కించే గొట్టానికి ఉండే చిన్న చక్రాన్ని నర్సు వేలితో కాస్త తిప్పితే చుక్కలు ఆగిపోయేది అందుకే. ఆ గొట్టాన్నే లింగం వెనుక దాచి, సీసాను పైన కట్టి, చక్రం దగ్గర ఒక మనిషిని కూర్చోబెడితే కంటి నెత్తురు సైగకు లొంగుతుంది. జాంబీ సినిమాల్లో రబ్బరు చర్మం కింద దాచేవీ ఇలాంటి గొట్టాలే.

నెత్తురును ఒక్కసారిగా, ఒక్క దెబ్బకు బయటికి రప్పించడమెలాగో మా చిత్తూరు, తిరుపతి జిల్లాల జనానికి ఎప్పటి నుంచో తెలుసు. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తాయి. చివరి రోజుల్లో వచ్చేది దుర్యోధన వధ. మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ని వెల్లకిలా పడుకున్నట్టు చేస్తారు. పదుల అడుగుల పొడవుంటాడు. ఒంటికి రంగులు, మూతికి మీసాలు, తలకు కిరీటం. తొడ భాగంలో మాత్రం మట్టి పలుచగా ఉంటుంది, దాని కింద ఎర్రనీళ్ల కుండ దాగి ఉంటుంది. వేషాలు కట్టిన భీముడు, దుర్యోధనుడు గదలు పట్టుకుని ఆ మట్టి దేహం చుట్టూ, మీదా పరుగులు తీస్తారు. జనం ఈలలు, కేకలు. పెనుగులాట సాగి సాగి, భీముడి గద తొడ మీద పడుతుంది. పెచ్చు ఊడి, కుండ పగిలి ఎరుపు పైకి చిమ్ముతుంది, తర్వాత మట్టి మీదికి జారి ఇంకుతుంది. ఆ ఎరుపును ద్రౌపది జుట్టుకు రాసి కొప్పు ముడుస్తారు. సాయంత్రం అగ్నిగుండ ప్రవేశం.

దీన్ని జానపద వేడుకగా చూసి ఊరుకుంటే సగమే చూసినట్టు. మూసిన పాత్రలో ఒకచోట పడిన ఒత్తిడి ద్రవమంతటా సమానంగా పాకుతుంది కాబట్టి, గద దెబ్బ పడ్డచోటే కాకుండా పగులు ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఎరుపు ఎగురుతుంది. పైనున్న మట్టి మందం తక్కువైతే దెబ్బకు ముందే తడి కనిపిస్తుంది, ఎక్కువైతే కుండ పగలదు. అది చేసే మనుషుల చేతికి ఆ కొలత తెలుసు. సినిమాల్లో తుపాకీ గుండు తగిలిందని చూపించడానికి చొక్కా కింద పెట్టే బ్లడ్ ప్యాకెట్, దాని వెనుక చిన్న మందుగుండు, ముందుగా బ్లేడుతో గీసి పలుచన చేసిన గుడ్డ, ఇవన్నీ ఈ కుండ, ఈ గద, ఈ పలుచని మట్టే. దెబ్బ కనిపించిన క్షణం, ఎరుపు కనిపించిన క్షణం ఒకటే కావాలి. రెప్పపాటు అటూ ఇటూ అయితే కన్ను ఒప్పుకోదు.

ఈ క్షణాల లెక్క సవీనీకి బాగా తెలుసు. ‘డాన్ ఆఫ్ ది డెడ్’లో ఒక జాంబీ నెత్తిలో పొడవాటి కత్తి దిగబడుతుంది. కత్తి అలుగులో తల ఆకారానికి సరిపడా గండి కోసి, ఆ గండిని నటుడి తలకు ఆనించారు. అంతకుముందు నిజమైన కత్తి పైకి లేవడం చూసిన మెదడు, తర్వాత తలలో ఇరుక్కున్న కత్తిని చూసి, మధ్యలో జరగని సంగతిని తనే పూరించుకుంటుంది. తిన్నడి బాణానికైనా దారి ఇదే: ఎత్తిన బాణం ఒక షాట్, ముఖం మీద చేయి ఒక షాట్, చేతిలో కన్ను ఒక షాట్. ఆ మధ్య ఖాళీల్లో కన్ను పెకలించేది ప్రేక్షకుడి మెదడు.

ఇంత శ్రద్ధ పెట్టిన జాంబీ సినిమాలన్నీ ఒక విషయంలో మాత్రం శాస్త్రానికి అడ్డం తిరుగుతాయి. చచ్చినవాడి నెత్తురు చిమ్మదు. చిమ్మాలంటే గుండె కొట్టుకోవాలి. ఇంగ్లండులో మతగురువుగా ఉంటూ ప్రయోగాలు చేసిన స్టీఫెన్ హేల్స్ ఒక ఆడగుర్రం ధమనికి గాజు గొట్టం అమర్చి చూస్తే నెత్తురు ఎనిమిది అడుగుల మూడు అంగుళాలు ఎగబాకింది. 1733లో ఆ సంగతి అచ్చువేశాడు. మనిషికి రక్తపోటు 120 అంటే అంత ఎత్తు పాదరసం, మిల్లీమీటర్లలో. పాదరసం నెత్తురు కంటే పదమూడు రెట్లకు దగ్గరగా బరువు కాబట్టి, అది సుమారు మీటరున్నర ఎత్తు నెత్తురుకు సమానం. గుండె ఆగగానే ఈ ఎత్తు పోతుంది. నెత్తురు బరువుకొద్దీ కిందికి దిగి, నేలవైపున్న చర్మం కింద ఊదారంగు మచ్చలుగా చేరుతుంది. అందులోని ప్రాణవాయువును కణాలు వాడేసుకోవడంతో ముదురు రంగుకు తిరుగుతుంది. కాబట్టి కరిచిన మనిషి గాయం ఎర్రగా చిమ్మడం సరైనదే, తల నరికిన జాంబీ నుంచి ఎర్రధార ఎగరడం తప్పు. అసలు జాంబీ నడవడమే తప్పనుకోండి. కండరం బిగిశాక వదలడానికి ఏటీపీ అనే ఇంధనం కావాలి. చచ్చిన కొద్ది గంటల్లో అది అయిపోయి కండరాలు పట్టేసినట్టు బిగుసుకుంటాయి, మళ్లీ వదిలేది కుళ్లు మొదలయ్యాకే. రొమెరో జాంబీలు కాళ్లీడ్చుకుంటూ బిగదీసుకుని నడుస్తాయి. ఆ బిగువులో శవం గుర్తొస్తుంది కాబట్టే చూసేవాళ్లు నమ్మారు.

కుళ్లు గురించి ఆ బృందానికి పుస్తకం అక్కర్లేకుండా పోయింది. 1985 నాటి మూడో సినిమా ‘డే ఆఫ్ ది డెడ్’లో కెప్టెన్ రోడ్స్ పాత్రను జాంబీలు నడుముకు రెండుగా చీల్చే ఘట్టానికి సవీనీ నిజమైన పందిపేగులు తెప్పించాడు. సెలవుల్లో ఎవరో ఫ్రిజ్ ఆపేశారు. తిరిగి వచ్చేసరికి పేగులు కుళ్లిపోయాయి. అయినా వాటితోనే తీశారు. ఆ కంపు మధ్య పడుకుని నటించినవాడు జోసెఫ్ పిలాటో. పేగుల్లో బ్యాక్టీరియా ఎలాగూ దండిగా ఉంటుంది. చల్లదనం పోగానే అవి మాంసకృత్తుల్ని విరగ్గొట్టి కెడావరిన్, పుట్రెసిన్ వంటి వాసన పదార్థాల్ని వదులుతాయి. ఆ ఘట్టంలో జాంబీ వేషాలవాళ్ల ముఖాల మీద కనిపించే ఏవగింపు కొంతైనా నటన కాదని నా నమ్మకం.

పాకం నెత్తురని తెలిసీ కొందరు తెర ముందు కళ్లు తిరిగి పడిపోతారు. వాళ్లను పిరికివాళ్లని వెక్కిరించడం అన్యాయం. నెత్తురు, గాయం, సూది చూస్తే పడిపోయే భయం నూటికి ముగ్గురు నలుగురిలో ఉంటుందని అంచనా. మిగతా భయాల్లో గుండె వేగం పెరుగుతుంది. ఇందులో మొదట పెరిగి, ఆ వెంటనే రక్తపోటుతోపాటు పడిపోతుంది, మెదడుకు నెత్తురు చాలక స్పృహ తప్పుతుంది. దీనికి స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త లార్స్ యోరన్ ఓస్ట్ తీర్చిదిద్దిన ఉపాయం తేలికైనది: కాళ్లు, చేతులు, పొట్ట కండరాల్ని పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించి వదలడం, మళ్లీ బిగించడం. రక్తపోటు పడిపోకుండా ఆగుతుంది. ఇంట్లో ఇలాంటివాళ్లుంటే నేర్పండి, రక్తపరీక్షకు వెళ్లినప్పుడూ పనికొస్తుంది.

గ్రాఫిక్స్ వచ్చాక ఈ పాకాలూ గొట్టాలూ ఎందుకని అడిగేవాళ్లున్నారు. నా తీర్పు పాకం వైపే. కంప్యూటర్ నెత్తురును గాల్లో ఎగరేయడం బాగానే చేస్తుంది. ఎగిరింది ఎక్కడో పడాలి. పడ్డచోట గుడ్డ తడవాలి, బరువుకు ఒంటికి అతుక్కోవాలి, నేల జారుడు కావాలి, నటుడి వేళ్లకు జిగట తగిలి అతని ముఖం మారాలి. వీటిలో ప్రతిదాన్నీ కంప్యూటర్‌కు ఎవరో చెప్పాలి, చెప్పడం మరిచిపోయినది జరగదు. గిన్నెడు పాకానికి ఎవరూ చెప్పక్కర్లేదు. మట్టి దుర్యోధనుడి తొడ మీద ఎరుపు ఎలా ఇంకాలో మట్టికే తెలుసు.

శివరాత్రికో బడి వార్షికోత్సవానికో మీ పిల్లలు కన్నప్ప కథ ఆడుతుంటే నెత్తురు ఇంట్లోనే చేయొచ్చు. పలుచని చక్కెర పాకం, మిఠాయిల్లో వేసే ఎర్రరంగు, చిటికెడు పసుపు రంగు, గుడ్డితనానికి అర చెంచా మొక్కజొన్న పిండి, ముదురు కోసం కాస్త కాఫీ డికాక్షన్. ధారను కంటి కింద చెంప మీద నుంచి మొదలుపెట్టండి, కంట్లో ఏదీ వేయొద్దు. పసుపు సున్నం కలిపిన ఎర్రనీళ్లను మాత్రం ముఖం దరిదాపులకు రానివ్వకండి. సున్నం బలమైన క్షారం. కంట్లో పడితే నల్లగుడ్డు మీది పారదర్శక పొరలోకి దిగి లోపలిదాకా కాలుస్తుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. పొరపాటున పడితే ఎవరి కోసమూ ఆగకుండా ఆ క్షణమే రెప్పలు విప్పి పట్టుకుని, శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ కనీసం ఇరవై నిమిషాలు కడగండి. కడిగాక నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.